పత్తి మిల్లు దాకా కృపమ్మ ప్రయాణం

నరసరావుపేటలో అందరికంటే ఎక్కువసార్లు బస్సెక్కిన మనిషి ఎవరని ఎవరైనా పందెం కాస్తే, డ్రైవర్లను కండక్టర్లను పక్కన పెట్టి నేను కృపమ్మ పేరు చెబుతాను. కాదన్నవాడు నా సోడా కొట్టుకు రావచ్చు. నన్ను ఓడిస్తే గోలీసోడాలు తాగినన్ని ఉచితం. ఇంతవరకు ఒక్కడూ గెలవలేదు. జర్మనీ యుద్ధం జరుగుతున్న ఆ రోజుల్లో కృపమ్మ ఆదివారం తప్ప ప్రతి పొద్దునా గురజాల బస్సెక్కేది. ఆమె కూర్చున్నంత సేపూ ఆ బస్సు నడిచి ఉంటే, ఈపాటికి యెరూషలేము దాకా పోయి, అక్కడ ఒక కాఫీ తాగి, తిరిగొచ్చి ఉండేది.

కానీ బస్సులో ఆమె గురజాల చేరింది లేదు. నకరికల్లు కూడా చేరలేదు. స్టాండులో ఎక్కేది, ఊరి చివర పత్తి మిల్లు దగ్గర దిగేది. కోడిపుంజును తరుముకుంటూ పోతే అలుపు రాకముందే వచ్చేంత దూరం. దిగి, నా కొట్టు ముందు బల్ల మీద కాసేపు కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుని, నడిచి ఇంటికి పోయేది.

అదే ఆమె ఉద్యోగం. ప్రయాణికురాలిగా ఉండటం.

నమ్మడం లేదు కదూ? నా మాట నమ్మకపోవడం ఈ ఊళ్లో అందరికీ అలవాటే. నేను థర్డ్ ఫారంలో చదువు మానేశానని మా వాళ్లంటారు. నిజానికి నాకు చెప్పడానికి ఇంకేమీ మిగలక మాస్టార్లే చేతులెత్తేశారు. అప్పటి నుంచి పత్తి మిల్లు ఎదురుగా సోడాలు కొడుతూ, వచ్చినవాళ్లకు సోడాతోపాటు ఒక కథ కూడా పోస్తున్నాను. కథకు డబ్బు తీసుకోను. ఇది మాత్రం కథ కాదు.

ఆ రోజుల్లో పెట్రోలు కూపన్ల మీద ఇచ్చేవాళ్లు. గురజాల వైపు పోయే బస్సులు రెండుండేవి. ఒకటి పెట్రోలు బస్సు. దాని యజమానికి ఆఫీసుల్లో చుట్టాలున్నారు కనుక ఎట్లాగో కూపన్లు దొరికేవి. రెండోది రామబ్రహ్మం గారిది, బొగ్గు బస్సు. దాని వెనక భాగంలో నిలువెత్తు ఇనప పీపా లాంటి పొయ్యి ఒకటి బిగించారు. అందులో బొగ్గులు పోసి, చేతి చక్రం తిప్పి గాలి కొట్టి రాజేస్తే గ్యాసు పుట్టేది. ఆ గ్యాసుతో ఇంజను నడిచేది. నడిచేది అన్నది మర్యాదకు అంటున్న మాట. ఒకసారి ఒక నత్త ఆ బస్సును దాటుకుని పోవడం నా కళ్లతో చూశాను. మేం నకరికల్లు చేరేసరికి అది అక్కడ చెట్టు కింద పడుకుని లేచింది.

జనానికి ఆ పొయ్యంటే ప్రాణభయం. కుంపటిని వీపుకు కట్టుకుని ప్రయాణమేందని అనేవాళ్లు. పెట్రోలు బస్సు నిండిపోయి కదిలినా రామబ్రహ్మం గారి బస్సు ఖాళీగా పొగ చిమ్ముతూ ఉండేది. ఖాళీ బస్సును చూస్తే ఎవరూ ఎక్కరు. ఎవరూ ఎక్కకపోతే అది ఖాళీగానే ఉంటుంది. ఆ ముడి విప్పింది కృపమ్మ, అదీ తెలియకుండా.

కృపమ్మది రైల్వే కట్ట అవతల క్రైస్తవుల పాలెం. ఆమె భర్త యేసుపాదం ఇదే గురజాల రోడ్డుకు కంకర కొట్టేవాడు. రోడ్డు పూర్తయ్యేలోగా జ్వరం వచ్చి పోయాడు. ఒక్క కూతురు సుందరి. గురజాలలో నాపరాళ్లు కోసే గనిలో పనిచేసే పిల్లవాడికిచ్చి చేసింది. ఆ తర్వాత ఒంటరిగా తుమ్మ మొద్దులు కాల్చి, బొగ్గులు చేసి, బుట్టకెత్తుకుని రామబ్రహ్మం గారి బస్సుకు పోసేది. ఒకరోజు బుట్ట దింపి, చీరా మొహమూ బొగ్గు మసితో నల్లగా ఉండగా, కాళ్లు లాగుతుంటే వెనక బెంచీ మీద కూలబడింది. సరిగ్గా పొయ్యి పక్కన. అటుగా వచ్చిన ఇద్దరు సంత మనుషులు చూసి, ఆడమనిషికే లేని భయం మనకేందని ఎక్కి కూర్చున్నారు. వాళ్లను చూసి మరికొందరు ఎక్కారు. కండక్టరు ఆంజనేయులు ఈ వింత చూసి పరిగెత్తుకుంటూ పోయి రామబ్రహ్మం గారికి చెప్పాడు. ఆయన వచ్చి, ఈ మనిషిది మంచి కాలు, రోజూ కూర్చోబెట్టమన్నాడు.

మర్నాడు కూర్చోబెట్టారు. మొదట వచ్చిన రైతు మెట్టు మీద కాలు పెట్టి, ఆమె తెల్ల చీర, బోసి నుదురు చూసి కాలు వెనక్కి తీసుకున్నాడు. పొద్దున్నే బస్సులో మొదటి మనిషి విధవరాలైతే ఆ బస్సు దారిలోనే ఆగుద్దని స్టాండులో అందరి నమ్మకం. కృపమ్మకు మొగుడున్నా బొట్టుండదు, వాళ్ల మతంలో పెట్టరు. లేకపోయినా ఉండదు. ఆ సంగతి రైతుకేం తెలుసు? దాంతో ఆంజనేయులు తన భార్య పాత పసుపు చీర, ఆకుపచ్చ గాజులు, కుంకుమ డబ్బా తెచ్చిపెట్టాడు. ఒడిలోకి పెద్ద మూట ఒకటి తయారుచేశాడు. అందులో ఉన్నది జొన్న చొప్ప.

కృపమ్మ ఒక పూటంతా ఆలోచించింది. నెత్తిన బొగ్గుల బుట్ట మొయ్యడం కంటే నుదుటన బొట్టు మొయ్యడం తేలికనుకుంది. ఒప్పుకుంది.

పాలెంలో బడి చెప్పి ఆదివారం ప్రసంగం చేసే జ్ఞానయ్య గారికి సంగతి తెలిసి, ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందరికీ ఇచ్చి ఆమెను దాటుకుపోయాడు. తర్వాత బయట ఆపి, కుంకుమ పెట్టిన నుదురుతో ప్రార్థనకెట్లా వస్తావని అడిగాడట. నుదురు రామబ్రహ్మం గారికి అద్దెకిచ్చానయ్యా, లోపలిదంతా ప్రభువుదే అని ఆమె చెప్పిందట. ఆయన ఒప్పుకోలేదు. ఆమె వెనక వరసలో కూర్చుని, రొట్టె లేకుండానే లేచి వచ్చేది. చవక కుంకుమ తోలును తిని తిని నుదుటి మీద నల్లటి మచ్చ పడింది. ఆదివారాలు ఆ మచ్చను దాచడానికి కొంగు కళ్లదాకా లాక్కునేది.

ఇక ఆమె పనితనం గురించి చెప్పాలి. ఊరికే కూర్చుంటే ఎక్కేవాళ్లు పలకరిస్తారు గదా. ఎక్కడికమ్మా అని అడుగుతారు. దానికి ఆంజనేయులు, కృపమ్మ కలిసి ఒక జవాబు తయారుచేసుకున్నారు. గురజాల పోతున్నాను, మా అమ్మాయికి పురిటి నొప్పులొస్తున్నాయంట, ఈ బస్సే ముందు పోద్దంటే ఎక్కాను అని. పురిటికి పోయే తల్లి ఎక్కిన బస్సంటే తప్పకుండా ముందు పోయేదేనని జనం నమ్మేవాళ్లు. పైగా అందరికీ జాలి. ఆడవాళ్లు పక్కన చేరి ధైర్యం చెప్పేవాళ్లు. బస్సు నిండేది. కదిలేది. పత్తి మిల్లు దగ్గరకు రాగానే కృపమ్మ లేచి, అయ్యో కషాయం సీసా ఇంట్లోనే మరిచానని గోల పెట్టి దిగిపోయేది. ఆంజనేయులు విసుక్కున్నట్టు నటించి, ఆమె చోటులో మిల్లు దగ్గర నిలబడ్డ మరో మనిషిని ఎక్కించుకునేవాడు.

నేను ఊరుకుంటానా? ఒకరోజు అడిగాను.

“అత్తా, నీ కూతురు నొప్పులు పడబట్టి ఏడాది దాటింది. గేదైనా ఇన్నాళ్లు మొయ్యదు గదే.”

“మా అమ్మాయి మోసేది బిడ్డను గాదు అల్లుడూ, రామబ్రహ్మం గారి బస్సుని” అంది.

అంతటి మాటకారి. నాతో సమానంగా మాట్లాడగలిగిన మనిషి ఈ తాలూకాలో ఆమె ఒక్కతే.

ఏరువాక రోజుల్లో నకరికల్లు రైతు వెంకట్రామయ్య గారు ఆ బస్సెక్కాడు. మనిషి మొరటు, మనసు మెత్తన. కృపమ్మ కథ విని, తన సంచిలోంచి బెల్లం అచ్చు ఒకటి తీసి, పురిటాలికి పెట్టమ్మా అని ఒళ్లో పెట్టాడు. వద్దంటే గుట్టు పోతుంది. తీసుకుంది. దిగి నా దగ్గరికి వచ్చి బల్ల మీద పెట్టి చాలాసేపు దానికేసి చూసింది. దాన్నేం చెయ్యాలో ఆమెకు తెలియలేదు. నాకు తెలుసు గనుక సగం తినేశాను. పుట్టని బిడ్డ పేరు మీద వచ్చినా తీపికి లోటేమీ లేదు.

ఆ తర్వాతి ఏడాదికి సుందరి నిజంగానే నీళ్లోసుకుంది.

అంతకుముందు రెండు కాన్పులు నిలవలేదు. ఈసారి నెలలు నిలిచాయి. కానీ సుందరి మొగుడు పట్టాళంలో చేరి బర్మాలోని రంగం వైపు పోయాడు, ఎక్కడున్నాడో తెలియదు. సుందరి గని దగ్గర గుడిసెలో ఒంటరిగా ఉంది. ఆ కబురు తెలిసిన రోజు నుంచి కృపమ్మ బస్సులో ఆ మాట అనడం మానేసింది. చుట్టాల ఇంటికి పోతున్నానని చెప్పేది. చుట్టాల ఇంటికి పోయేవాళ్లను చూసి ఎవరు తొందరపడతారు? బస్సు నిండడం ఆలస్యమైంది. ఆంజనేయులు మండిపడ్డాడు. పాత మాటే చెప్పమన్నాడు, లేకపోతే బొట్టూ గాజులూ వేరే మనిషికిస్తానన్నాడు. ఆమె మళ్లీ పాత మాటే చెప్పింది. చెప్పిన ప్రతిసారీ దిగి వచ్చి నా కొట్టు ముందు మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చునేది. ఒకరోజు తలెత్తకుండానే అడిగింది.

“అల్లుడూ, నువ్వూ ఇన్ని అబద్ధాలాడతావు గదా. నీ అబద్ధం ఎప్పుడన్నా నిజమైందా?”

“నావి చానా పెద్దయ్యత్తా. నిజం కావాలన్నా కాలేవు. కొండను మింగానంటే ఎవరికి జరిగిద్ది?”

“నాది చిన్నది” అంది. “అందుకే భయం.”

దానికి ఏదో హాస్యం చెబుదామనుకున్నాను గాని, ఆమె అప్పటికే లేచి పోతోంది.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నే గురజాల నుంచి నాపరాళ్ల లారీ మీద శౌరి అనే గని కూలీ వచ్చి, నా కొట్టు దగ్గర దారి అడిగి పాలెంలోకి పోయాడు. సుందరికి ముందురోజు మధ్యాహ్నం నుంచి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని బుల్లెమ్మ తన వల్ల కాదంది. మిషన్ ఆసుపత్రికి బండి కట్టాలి, కానీ దారిలో ఏమన్నా అయితే ఎవరు పూచీ? మొగుడు యుద్ధంలో ఉన్నాడు, అత్తామామలు లేరు. తల్లి వచ్చి ఊఁ అంటేనే బండెక్కిస్తామని గని వాళ్లు చెప్పి పంపారు. ఆ లారీ గుంటూరు పోవాలి, వెనక్కి పోదు. పెట్రోలు బస్సు అప్పటికే వెళ్లిపోయింది. మిగిలింది రామబ్రహ్మం గారి బస్సు ఒక్కటే.

నేను ఆ సమయానికి స్టాండులో కాఫీ హోటలుకు సోడాలు వేస్తున్నాను. కృపమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. తెల్ల చీర, బోసి నుదురు, చేతిలో నిజమైన మూట. అందులో పాత గుడ్డలు, వాము, ఆముదం సీసా. బస్సు ఖాళీగా ఉంది. పొయ్యి అప్పుడే రాజేస్తున్నారు. ఆమె ఎక్కబోతే ఆంజనేయులు చెయ్యి అడ్డం పెట్టాడు. వేషం ఏదని అడిగాడు.

ఇవాళ వేషం కాదని, నిజంగా గురజాల పోతున్నానని, అమ్మాయికి నొప్పులని ఆమె చెప్పింది. ఆంజనేయులు పకపకా నవ్వాడు. నవ్వడంలో తప్పేముంది? ఆ మాట రాసిచ్చింది వాడే. తర్వాత ఆమె మొహం చూసి కొంచెం తగ్గాడు. సరే పోదువులే, కానీ బొట్టు లేకుండా మొదటి మనిషిగా ఎక్కితే డ్రైవరు బండి తియ్యడు, జనం ఎక్కరు, నువ్వూ పోలేవు అన్నాడు. అదీ నిజమే. ఖాళీ బస్సు కదలదు. ఆమె పోవాలంటే బస్సు నిండాలి. బస్సు నిండాలంటే ఆమె బొట్టు పెట్టుకోవాలి.

ఆ ఒక్కరోజు ఆ బొట్టు లేకుండా ఉండాలని ఆమె ఎంత కోరుకుందో నాకు తెలుసు. ఆంజనేయులు డబ్బా మూత తీసి పట్టుకున్నాడు. ఆమె వేలు కుంకుమలో పెట్టి, కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ మచ్చ మీద అద్దుకుంది. ఏ దేవుణ్ని అడిగిందో ఏమో. ఎక్కి పొయ్యి పక్కన కూర్చుంది.

కూర్చుని ఏడ్చింది. ఎక్కడికమ్మా అని అడిగినవాళ్లకు, గురజాల, అమ్మాయికి నొప్పులు అని చెప్పి మళ్లీ ఏడ్చింది. ఆ బస్సు పుట్టిన తర్వాత అంత తొందరగా నిండింది ఆనాడే. టాపు మీద కూడా జనం ఎక్కారు. ఆంజనేయులు కిందనుంచి చూసి, ఇవాళ ఎంత బాగా చేస్తోందో అని డ్రైవరుతో అన్నాడు. నేను విన్నాను.

ఖాళీ సోడా బుట్ట సైకిలు మీద పెట్టుకుని నేను బస్సు కంటే ముందే కొట్టుకు చేరాను. చెప్పాను గదా ఆ బస్సు సంగతి. అది రొప్పుకుంటూ వచ్చి మిల్లు దగ్గర ఆగింది. అక్కడ పెట్టెలతో, పిల్లలతో ఒక పెద్ద కుటుంబం నిలబడి ఉంది, అందరూ గురజాల పోయేవాళ్లే. ఆంజనేయులు వెనక్కి వచ్చి కృపమ్మ చెవిలో దిగమన్నాడు. దిగనంది. తెచ్చుకున్న టిక్కెట్టు డబ్బులు చూపించింది. పోదువులే అన్నావు గదా అంది. వాడు, బస్సు నిండడానికి అన్నానని, ఇంతమంది నిలబడి ఉంటే నాటకం ఆపమని పళ్లు కొరుకుతూ చెప్పాడు. ఆమె కడ్డీ పట్టుకుంది. వాడు మూట పట్టుకున్నాడు. జనం చూస్తున్నారు.

ఇక దాచి లాభం లేదని ఆమె లేచి నిలబడి అందరికీ చెప్పేసింది. రోజూ ఇట్లా కూర్చుని మిమ్మల్ని ఎక్కించేదాన్ని నేనే అంది. రోజూ చెప్పింది అబద్ధమే అంది.

“ఇయ్యాల మాత్రం నిజం బాబూ. నా బిడ్డ చచ్చిపోద్ది. నన్ను దింపొద్దు.”

అప్పుడు మధ్య బెంచీలోంచి ఒక పెద్ద తలపాగా లేచింది. నకరికల్లు వెంకట్రామయ్య గారు. ఆయన ఆమెను తేరిపార చూశాడు.

“పోయినేడు ఏరువాకలో కూడా నీ కూతురు పురిటికే ఉండాది గదంటే? నా బెల్లం ఏం జేశావ్?”

ఆమె నోరు తెరిచింది. ఏం చెప్పగలదు? సోడా కొట్టువాడు తిన్నాడని చెప్పాలా?

నేను చేతిలో సోడా సీసాతోనే బస్సు దగ్గరికి ఉరికాను. ఆమె చెప్పేది నిజమని, కబురు తెచ్చిన మనిషిని నేను చూశానని, బెల్లం తిన్నది నేనని, కిటికీలన్నిటికీ వినబడేట్టు అరిచాను. టాపు మీదనుంచి ఎవడో తొంగిచూసి, కోటప్పకొండ తిరనాళ్లలో తాటిచెట్టంత ప్రభను ఒంటిచేత్తో ఎత్తానన్నది వీడేరోయ్ అన్నాడు. బస్సంతా నవ్వింది. జీవితంలో ఒక్కసారి నిజం మాట్లాడాను. దానికి సాక్షిగా మరో అబద్ధాలకోరు తప్ప నాకెవరూ దొరకలేదు.

వెంకట్రామయ్య గారు స్వయంగా ఆమె మూట తీసి కిందికి విసిరాడు. మూట విప్పుకుని గుడ్డలు దుమ్ములో పడ్డాయి. చొప్ప ఉంటుందనుకున్నవాళ్లు తొంగిచూశారు గాని, అప్పటికే పిల్లల కుటుంబం తోసుకుని ఎక్కుతోంది. కృపమ్మను రెక్క పట్టుకుని దింపారు. బస్సు కదిలింది.

ఆమె ఏడవలేదు. గుడ్డలు ఏరుకుంది, ఆముదం సీసా పగల్లేదని చూసుకుంది, ముడేసుకుంది. నేను సోడా ఇవ్వబోతే చేత్తో తోసేసింది. కొంగుతో నుదురు గట్టిగా, తోలు ఊడిపోయేట్టు తుడిచి, బస్సు పోయిన రోడ్డు పట్టుకుని నడిచింది. నడక కాదు, పరుగూ కాదు. మొగుడు కొట్టిన కంకర మీద, చెప్పుల్లేకుండా.

ఆ తర్వాత జరిగింది నాకు వెంకట్రామయ్య గారు చెప్పాడు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు.

నకరికల్లు ఇంకా చాలా దూరముందనగానే బస్సు ఆగిపోయింది. పొయ్యి మసిబట్టి గ్యాసు రావడం లేదు. జనమంతా దిగి తొయ్యడం మొదలుపెట్టారు. కొంచెం తొయ్యడం, అలిసిపోయి ఆగడం, పొయ్యి కెలకడం, మళ్లీ తొయ్యడం. ఎండ నడినెత్తికొచ్చింది. వెంకట్రామయ్య గారు భుజం ఆనించి తోస్తూ పక్కకు చూస్తే, తన పక్కన రెండు చేతులు బస్సుకు ఆనించి ఒక ఆడమనిషి తోస్తోంది. తెల్ల చీర మోకాళ్లదాకా దుమ్ము. మూట నోటితో కరిచి పట్టుకుంది. పాదాల నుంచి రక్తం.

కూలికి కూర్చునే మనిషి మిల్లు దగ్గర దిగి ఇంటికి పోద్ది గాని ఇంతదూరం ఎందుకొచ్చిద్ది అని ఆయనకు అప్పుడు తోచింది. తోచి నోరు తెరిచేలోపల ఇంజను అందుకుంది. జనమంతా పరుగెత్తుతూ ఎక్కారు. ఆయన్నీ ఎవరో చెయ్యి పట్టి లోపలికి లాగారు. ఆమె మూట ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి చాపి వెంటపడింది. మెట్టు అందలేదు. ఆయన బస్సు ఆపమని అరిచాడు. ఆంజనేయులు కూడా ఆపించాలనే చూశాడట, ఆ మాటకు ఆయనే సాక్షి. కానీ డ్రైవరు, ఇప్పుడు ఆపితే మళ్లీ కదలదు, ఇంతమందీ దారిలో మాడతారన్నాడు. అదీ నిజమే.

ఆయన నకరికల్లులో దిగి ఇంటికి పోలేదు. పొలం నుంచి వస్తున్న తన ఎద్దుల్ని అట్లాగే బండికి కట్టి వెనక్కి తోలాడు. ఆమె నడిచి వస్తూనే ఉంది. బండి పక్కన ఆపి ఎక్కమన్నాడు. తిట్టిద్దనుకున్నాడట. ఆమె ఎక్కి, ఎద్దుల కేసి చూస్తూ కూర్చుంది.

ఎద్దులు ఎంత తోలినా ఎద్దులే. వాళ్లు గురజాల చేరేసరికి మర్నాడు తెల్లవారింది.

గని గుడిసె ముందు జనం ఉన్నారు. సుందరి లేదు. బిడ్డ ఉంది, ఆడపిల్ల. పక్కింటి బాలింత పాలు పడుతోంది. బుల్లెమ్మ ఆ రాత్రి తన వల్ల కానిదంతా చేసి, బిడ్డను మాత్రం బయటికి తీయగలిగింది.

బొగ్గు బస్సు ముందురోజు పొద్దుగూకేవేళ గురజాల చేరిందట. గని వాళ్లు స్టాండుకు ఎదురుపోయి, బస్సంతా వెతికి, కృపమ్మ రాలేదేమని ఆంజనేయుల్ని అడిగారు. వాడు తల వంచుకుని, మిల్లు కాడ దిగిందని చెప్పాడు. పాపం, అబద్ధం చెప్పలేకపోయాడు. వాళ్లు తిరిగొచ్చేసరికి సుందరి గుమ్మం వైపే చూస్తోంది. అమ్మ ఎక్కిందా అని అడిగింది. ఎక్కిందమ్మా, వస్తోంది అన్నారు. సుందరికి తల్లి ఉద్యోగం సంగతి బాగా తెలుసు. చిన్నప్పటి నుంచీ తల్లి మాటకారితనమే ఆమెకూ వచ్చింది. ఆ నొప్పుల్లో కూడా కొంచెం నవ్విందట.

“మా అమ్మ మిల్లు కాడ దిగిపోయుంటదిలే” అని గోడవైపు తిరిగింది.

ఆ మాట కృపమ్మకు చెప్పొద్దని వెంకట్రామయ్య గారు అందర్నీ బతిమాలాడు. కానీ అప్పటికే ఎవరో చెప్పేశారు.

కృపమ్మ గురజాలలోనే కొంతకాలం ఉండిపోయింది. ఇక్కడ రామబ్రహ్మం గారు పసుపు చీర కట్టించి మరో మనిషిని కూర్చోబెట్టాడు. ఆ కొత్తామె ఏ కథ చెప్పినా బస్సు అంత తొందరగా నిండేది కాదు. అట్లా ఉండగా ఒకరోజు మధ్యాహ్నం గురజాల నుంచి బొగ్గు బస్సు వస్తూ మిల్లు దగ్గర నెమ్మదించింది. అటునుంచి వచ్చేటప్పుడు అది అక్కడ ఆగే పని లేదు. నేరుగా స్టాండుకే. నేను సోడా కొడుతూ తలెత్తి చూశాను.

వెనక బెంచీలోంచి కృపమ్మ లేచింది. భుజాన గుడ్డలో చుట్టిన పసిబిడ్డ. ఆంజనేయులు వినయంగా, స్టాండు దాకా టిక్కెట్టుంది గదమ్మా, కూర్చో అన్నాడు. ఏమే అని పిలిచే నోటితో వాడు ఆమెను అమ్మా అనడం అదే మొదలు. ఆమెకు వినబడినట్టు లేదు. ఎప్పట్లాగే ఎడమకాలు ముందు దించి, కడ్డీ వదిలి దిగింది. దిగిన తర్వాతే ఎక్కడ దిగిందో చూసుకున్నట్టుంది. వెనక్కి తిరిగి బస్సును చూసింది. మిల్లును చూసింది. నిలబడిపోయింది.

బస్సు ఆగే ఉంది. ఆంజనేయులు చెయ్యి చాపాడు. ఆమె ఎక్కలేదు. కాసేపటికి అది పొగ కక్కుకుంటూ పోయింది.

ఆమె వచ్చి నా బల్ల మీద కూర్చుంది. నుదుటి మీద మచ్చ అట్లాగే ఉంది. కొంగు ముందుకు లాక్కోలేదు. బిడ్డ నిద్రపోతోంది. ఎప్పుడూ నేను ముందు మాట్లాడతాను, ఆమె జవాబిస్తుంది. ఆ రోజు సోడా సీసా తెరిచి ఆమె ముందు పెట్టాను. గోలీ గలగలమని ఆగిపోయింది.

“గురజాల పోయొచ్చాను అల్లుడూ” అంది.